యంత్రం చేసిన ప్రార్థన

ఆదివారం పొద్దున. చర్చికి ఇంకా గంట టైముంది. పురానాపూల్ దగ్గరి ఆ రెండు గదుల ఇంట్లో కళావతి ఉప్మా కలుపుతోంది. కూతురు స్వీటీ మాత్రం లాప్‌టాప్ ముందేసుకుని, ప్రచురణకర్త రాసిన ఉత్తరాన్ని మూడోసారి చదువుతోంది.

అంతరిక్షంలో దారి తప్పిన నౌక, అందులోని జనం కోసం ప్రార్థన చేసే యంత్రం. మూడేళ్లుగా ఆమె రాస్తున్న నవల అది. దేవుడి మాటలు తీసేస్తే అచ్చేస్తానన్నాడాయన. అవి తీసేస్తే మిగిలేది ఇనుప డబ్బానే కదా అని స్వీటీకి ఒళ్లు మండిపోయింది.

ఇంట్లో తండ్రి డానియేలుది ఇంకో రకం అభ్యంతరం. నీళ్ల పైపుల పనిలో రిటైరై, ఇప్పుడు సంఘ పెద్దగా ఉన్నాడు. నిన్న ఆ నవల కాగితాలు చదివినప్పటినుంచి ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. స్వీటీ ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"యంత్రం ప్రార్థన చేసుడు పాపమా డాడీ? ఆ మాటన్న చెప్పు."

"పాపమని నేనన్ననా? బిడ్డ చచ్చిపోయిన తల్లికి నీ యంత్రం ఏం చెప్తది, అది చదువు."

అంతా దేవుని చిత్తమనీ, ప్రతి దుఃఖానికీ ఒక అర్థం ఉంటుందనీ యంత్రం రెండు పేజీలు ఓదారుస్తుంది. నవల మొత్తంలో స్వీటీకి బాగా ఇష్టమైన చోటు అదే.

"సమాధుల తోటల అందరు నాకు గిదే చెప్పిన్రు," అన్నాడు డానియేలు.

స్వీటీ తమ్ముడు వెస్లీ తొమ్మిదేళ్లప్పుడు డెంగ్యూతో పోయాడు. పదేళ్లయింది. ఆ ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తరు.

"తర్వాత నేను గూడ ఎంతోమందికి చెప్పిన. నాకు మాత్రం ఒక్కనాడు నమ్మబుద్ధి కాలే బిడ్డా."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

"మరి రోజు ప్రార్థన చేసినవ్ గద. ఏమని అడిగినవ్?" అంది స్వీటీ.

"ఏం అడగలే. ఏడాది పొడుగు మోకాళ్ల మీద ఊకె కూసున్న. మాటలు రాలే. లేచి పోబుద్ధి గూడ కాలే."

కళావతి వచ్చి భర్త పక్కన కూర్చుంది. ఆయన మరిచిపోయాడనుకుని ఇన్నేళ్లూ తానొక్కతే చాటుగా ఏడ్చుకుందట. ఆ మాట చెబుతూ ఆయన చేయి పట్టుకుంది.

స్వీటీ ఆ రెండు పేజీల వైపు చూసింది. తమ్ముడు పోయినప్పుడు తనకు తాను చెప్పుకున్న మాటలే అవి. వాటిని చెప్పుకుంటూనే తాను సరిగ్గా ఏడవనైనా లేదని అప్పుడు తెలిసొచ్చింది. కళ్లు మసకబారుతుండగా ఆ పేజీలు కొట్టేసి, ఆ చోట ఇలా రాసింది:

'యంత్రానికి చెప్పడానికి ఏమీ దొరకలేదు. అయినా ఆ తల్లి పక్కనుంచి కదలలేదు.'