బోల్టు మీద నంబరు

"టార్గెట్ సాక్షి లిదియా," అని ఏజెంట్ జగదీశ్వర్‌కి చెప్పింది హెడ్‌క్వార్టర్స్. "డ్రోన్ డ్రాయింగులు కొంటున్న విదేశీ ముఠాని గుర్తుపట్టగలిగేది ఆమె ఒక్కతే. నారాయణఖేడ్‌లో బస్సు దిగగానే కాల్చేస్తారు. ఆపు."

ముఠాలోకి పంపిన మన ఏజెంట్ అరుణజ్యోతి, వాళ్ల ఆయుధం ఫోటో పంపింది. పాతకాలపు వేట రైఫిల్. గుండు ఎక్కించడానికి వెనక్కి లాగే బోల్టు మీద నంబరు 4471.

జగదీశ్వర్ పంట బీమా సర్వేయర్ వేషంలో సిర్గాపూర్ వెళ్లాడు. ఆ నంబరు లైసెన్సు అక్కడి ముసలాయన గిద్యోనుది. రైఫిల్ ఇంట్లోనే దొరికింది. బారెల్ మీద, బోల్టు కూర్చునే రిసీవర్ మీద 4471. ముసలాయన్ని నారాయణఖేడ్ తెచ్చి, ఒప్పుకోమని కొట్టాడు. ఒక పన్ను ఊడింది.

"జొన్న కోశాం," అని హెడ్‌క్వార్టర్స్‌కి కోడ్‌లో చెప్పాడు, ఆయుధం దొరికిందని. లిదియా ప్రయాణానికి క్లియరెన్స్ వచ్చింది.

మర్నాడు చాయ్ ఇస్తే గిద్యోను తాగలేకపోయాడు.

"కొట్టినవ్ గని సార్, బోల్టు సూసినవా?"

జగదీశ్వర్ చూడలేదు. ఇప్పుడు చూశాడు. 3106.

"నాది కాదది. ఎలక్షన్లకు తుపాకులు ఠాణాల జమ చెయ్యాలె గద. నేను, మా ఊరి మొగులయ్య ఒక్క ఆటోల పోయినం. భద్రమని బోల్టులు ఇప్పి ఒక్క సంచిల ఏసినం. రెండూ ఒక్క కంపెనీయే. తెచ్చుకున్నంక సూడకుంట తగిలిచ్చుకున్నం. ఆయన సచ్చిపోయినంక ఆయన మన్మరాలిని నా బోల్టు అడిగిన. ఇస్తనన్నది, ఇయ్యలే."

"మనవరాలి పేరు?"

"అరుణజ్యోతి."

అప్పుడే ఇయర్‌పీస్‌లో ఆమె గొంతు. "డిపో క్లియర్. బస్ ఇన్."

డిపో ఎదురుగా ఆమె నిఘా కాస్తున్న లాడ్జికి పరుగెత్తాడు. మేడ మీద గది. సిల్క్ చీర, నల్ల కళ్లద్దాలు, కిటికీలో రైఫిల్. ఆమె తిరిగి చూడలేదు.

"తలుపెయ్, జగ్. గాలికి చెయ్యి కదుల్తోంది."

అతను చెయ్యి చాపి బోల్టు హ్యాండిల్ పైకి లేపాడు. ఆమె ట్రిగ్గర్ నొక్కింది. బోల్టు తెరుచుకున్న రైఫిల్ పేలలేదు. కింద లిదియా సంచీ భుజాన వేసుకుని ఆటో బేరమాడుతోంది.

రిసీవర్ మీద 3106. బోల్టు మీద 4471.

జగదీశ్వర్ తిరిగి వచ్చేసరికి గిద్యోను ముందు చాయ్ అలాగే ఉంది. క్షమాపణ చెప్పాలనుకున్నాడు. వేరే మాట వచ్చింది.

"నీ బోల్టు దొరికింది. కేసు తేలేదాకా సాక్ష్యం. తర్వాత అన్ని నంబర్లూ చూసి ఇస్తాం."

గిద్యోను రుమాలు విప్పి పన్ను చూసుకుని, మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"గిది మాత్రం నేనే ఉంచుకుంట సార్. దీని మీద నంబర్ లేదు."