పదకొండు తెల్ల స్లైడులు

వచ్చిన వారానికే ఆవిడ నామీద ఫిర్యాదు రాసింది. ప్రేమ కథ ఇలా మొదలవుతుందా అంటే, మాది ఇలాగే మొదలైంది.

పోర్చుగల్లోని పోర్తోలో ఒక ఆసుపత్రి ల్యాబు. ప్రోస్టేట్ కాన్సర్ ముక్కల్ని మైనంలో పోతపోసి, ఉల్లిపొరకన్నా పల్చగా కోసి, గాజు స్లైడు మీద పరిచి రంగు పట్టించడం నా పని. ఇరవై ఎనిమిదేళ్లుగా అదే. ఆరో తరగతితో బడి మానేశాను. మా దేశంలో డిగ్రీ ఉన్న ప్రతివాడూ డాక్టరే, రోగిని ముట్టకపోయినా సరే. నేను మాత్రం ఉత్త అర్మిందోని.

డాక్టర్ ఒటీలియా లిస్బన్ మనిషి. నలభై దాటింది, ఒంటరిది. ట్యూబుల్లో జన్యువుల్ని చూడటమే తప్ప స్లైడులు చూసిన అలవాటు లేదు. వానలో తడిసిన గొడుగు తెచ్చి నా బల్ల మీదే పెట్టింది.

"ఈ పదకొండూ మీరే కోశారా?"

"నేనే, డాక్టరుగారూ."

"కాన్సర్ గడ్డంతా తెల్లగా ఉంది. గోధుమరంగు పట్టనేలేదు. లిస్బన్ నుంచి మోసుకొచ్చిన నా రెండేళ్ల పని పాడుచేశారు. ల్యాబు పెద్దాయనకి రాసిచ్చాను. సోమవారం నుంచి ఇంకొకరు వస్తారు."

ఒళ్లు మండింది. ఇరవై ఎనిమిదేళ్లు ఒక్క కాగితంతో తుడిచేసింది.

"అంచున చూశారా?"

"గడ్డ మధ్యలో ఉంటే అంచుతో నాకేం పని?"

"కూర నోట పెట్టకుండానే వంటవాణ్ణి వెళ్లగొట్టే రకమన్నమాట."

"నోరు అదుపులో పెట్టుకోండి."

"పెట్టుకుంటాను. మీరు ముందు కన్ను ఇందులో పెట్టండి."

మైక్రోస్కోపు కింద స్లైడుని బొటనవేలితో కాస్త జరిపాను. అంచున జబ్బులేని గ్రంథి ఒకటి, పక్కన రక్తనాళం. రెండూ కాఫీ మడ్డిలా గోధుమరంగు.

"అదే ముక్క, అదే రంగు. పక్కదానికి పట్టింది గడ్డకెందుకు పట్టలేదు? నా చెయ్యి మధ్యలో నిద్రపోయిందా?"

ఆవిడ తల ఎత్తలేదు. "అంటే... పీటెన్ ప్రోటీను..."

"లేదక్కడ. కణాన్ని అదుపులో పెట్టే బ్రేకు ఊడిపోయింది. ఉంటేగా రంగు పట్టడానికి. రెండేళ్లుగా మీరు వెతికేది అదే కదా. దొరికాక చెత్తబుట్టలో వేయబోయారు, నన్నూ కలిపి."

పదకొండూ నిలబడే చూసింది. కిటికీ మీద వాన దరువేస్తోంది.

"పదకొండుమంది," అంది మెల్లగా. "వీళ్ల జబ్బు తొందరగా ముదరొచ్చు. వీళ్ల డాక్టర్లకి ఇవాళే చెప్పాలి."

తన రెండేళ్ల మాట ఎత్తలేదు. నా కోపం సగం అక్కడే జారింది. మిగతా సగాన్ని గట్టిగా పట్టుకు కూర్చున్నాను.

పైకి వెళ్లి గంటకి దిగింది, చేతిలో ఆ ఫిర్యాదు కాగితం.

"చింపేశారనుకున్నా."

"చింపితే నా తప్పు దాచినట్టు. చదవండి."

నామీద రాసిన నాలుగు వరుసల కింద కొత్త సిరాతో ఉంది: 'పొరపాటు నాది. అర్మిందోగారి పని సరైనది. చూడటం ఆయన నేర్పారు.' పక్కన పెద్దాయన సంతకం.

ఇరవై ఎనిమిదేళ్లలో నా పేరు పక్కన 'గారు' పడటం అదే మొదలు.

"కోపం పోలేదు," అన్నాను.

"పోనక్కర్లేదు. కింద హోటల్లో చేపల సూపుంది, ఎదురుగా కూర్చుని తిట్టండి. ఒకటే షరతు. డాక్టరుగారూ అన్నారో, లేచి వెళ్లిపోతాను."

గొడుగులోంచి కారుతున్న నీళ్లని చూస్తూ నిలబడింది. ఎదురుచూస్తోంది.

"ముందు ఆ తడి గొడుగు నా బల్ల మీంచి తియ్యి, ఒటీలియా."