తలపాగా జారిన రోజు

పొద్దున్నే గడప ముందు సున్నప్పొడితో చేపల ముగ్గు వేసి వచ్చి, దీనామాయి నేతిలో సేమియా వేయిస్తోంది. పార్సీల అగ్నిగుడి అయిన అగ్యారీలో కొడుకు జాల్ పట్టిన దీక్ష రేపటితో ముగుస్తుంది. ఆ తర్వాత అతనూ తండ్రిలాగే పవిత్రాగ్ని ముందు నిలబడే అర్చకుడవుతాడు. అందుకోసమే అతను గుజరాత్ క్రికెట్ జట్టునుంచి వచ్చిన పిలుపును కాదనుకున్నాడు. జట్టు నిన్ననే బొంబాయి బండెక్కింది.

అలాంటిది, జాల్ గుమ్మంలో కనిపించేసరికి ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది.

"దీక్షలో ఉండి బయటికొచ్చావేంట్రా?"

"తలపాగా జారిపోయిందమ్మా."

తలపాగా జారితే దీక్ష పోయినట్టే. నవసారి అర్చకుల ఇళ్ళలో ఈ సంగతి ఉగ్గుపాలతోనే తెలుస్తుంది. మాట విని తండ్రి ఎదల్‌జీ లోపల్నుంచి వచ్చాడు. ఆయనకు కోపమొస్తే పిల్లి కూడా పొయ్యి దగ్గర ఉండదు.

"ఎలా జారింది?"

"గోడవతల పిల్లలు ఆడుకుంటున్నారు. బంతి లోపలికొచ్చింది. చెయ్యి దానంతటదే వెళ్ళింది నాన్నా. పడుతూ బంతిని పట్టుకున్నాను, తలపాగా జారిపోయింది."

"జారిందా, జార్చావా? ఊరేమంటుందో తెలుసా? ఎదల్‌జీ కొడుకు బంతి కోసం అగ్నిని వదిలేశాడంటుంది."

"జార్చేవాణ్ణయితే మొన్నే జార్చి, జట్టుతోపాటు బండెక్కేవాణ్ణి."

"ఎవరు చూశారు?"

"ఎవరూ చూళ్ళేదు."

"మరి తీసి పెట్టుకుని ఊరుకోలేకపోయావా నాయనా?" అంది తల్లి ఏడుపు గొంతుతో.

"రేపు అగ్ని ముందు ఏ మొహంతో నిలబడనమ్మా?"

ఎదల్‌జీ కొడుకు మొహంలోకి చూశాడు. తాను ఊరికి భయపడ్డాడు. కొడుకు అగ్నికి భయపడ్డాడు. ఇన్నేళ్ళుగా అగ్యారీలో తాను నేర్పాలనుకున్నది వీడికి ఎప్పుడో వచ్చేసిందని తెలిసి ఆయన కళ్ళు నిండాయి.

"దీక్ష వచ్చే ఏడాది మళ్ళీ పడదాం" అన్నాడు. "ఆట ఎల్లుండేగా? సాయంత్రం బండికి వెళ్ళు."

"ఇప్పుడు నన్ను ఆడనిస్తారో లేదో నాన్నా."

"ఆడనివ్వకపోతే వాళ్ళకు నీళ్ళు మోసిపెట్టు. ఆడనిస్తే మాత్రం ఒకటి గుర్తుంచుకో. బంతి బ్యాటుకు తగిలిందని నీ ఒక్కడికే తెలిసినా సరే, ఆగకుండా బయటికి వచ్చెయ్."

జాల్ తలూపబోయి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. దీనామాయి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఏడుపులు తర్వాత. ముందు తినండి ఇద్దరూ" అని సేమియా వడ్డించింది. "స్టేషనుకి వెనకవీధిలోంచి పోరా. ఎవరి కంటా పడకుండా వెళ్ళొచ్చు."

"వెనకవీధి ఎందుకు?" అన్నాడు ఎదల్‌జీ. "నేనూ వస్తున్నాను వాడితో. నడిబజార్లోంచే వెళ్తాం. ఊరు చూడనీ."