నాన్న పక్కన కూర్చున్నవాడు

మా అమ్మాయి లిడియా చదువుకునే ఊరు చిన్నదే గానీ ముచ్చటగా ఉంటుంది. కాలేజీ గంట కొడితే బజారు చివరిదాకా వినిపిస్తుంది. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు కొండల నిండా ద్రాక్షతోటలు. తనని చూడ్డానికి వెళ్ళిన ఆ శనివారం లిడియాకి సాయంత్రందాకా ల్యాబ్ ఉందంటే, నేనూ నా భార్య డెనీసూ మా నాన్నని తీసుకుని ఓ తోటలో వైన్ రుచి చూడ్డానికి వెళ్ళాం.

నాన్న అమారో బతుకంతా పాడి ఆవులతో గడిపిన మనిషి. ఇప్పుడు చేతులు వణుకుతాయి, మతిమరుపు. ఎర్ర వైన్ గ్లాసు జారి చొక్కా మీద ఒలికిపోయింది. పైగా గట్టిగా అన్నాడు, "పొదుగు కడిగిన నీళ్ళు ఇంతకన్నా నయంరా."

పక్కబల్ల దగ్గరున్న కాలేజీ ప్రొఫెసర్లు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. నాన్నని రెక్క పట్టుకుని కారు దగ్గరికి తీసుకెళ్ళాను.

"నేనేం చేశాన్రా?"

"పరువు తీశావు. చాలదా? ఇక్కడే కూర్చో."

అద్దం కాస్త దించి, తలుపులకు తాళం వేశాను.

నేను వైన్ గదిలోకి తిరిగొచ్చాక డెనీస్ నెమ్మదిగా అడిగింది, "ఆయన్నొక్కణ్ణే వదిలేశావా రస్?"

"నిద్రపోతాడులే" అన్నాను. ఆ పొదుగు మాట నేనే మళ్ళీ నాన్న గొంతుతో అనుకరించి, అందరినీ నవ్వించాను. డెనీస్ నవ్వలేదు.

బయటికి వచ్చేసరికి సముద్రం మీంచి పొగమంచు కొండెక్కింది. తోట వరసలు మాయమయ్యాయి. ఎక్కడో నీటిచుక్కలు రాలుతున్న చప్పుడు. తడిమట్టి వాసన, పులిసిన ద్రాక్ష వాసన... వాటి మధ్య అప్పుడే పితికిన పాల వాసన.

కారులో రెండు తలలు కనిపించాయి.

డ్రైవర్ సీట్లో ఎవరో నాన్న వైపు వంగి ఉన్నారు. ఆ భుజాలు... అవి నావే. పరుగెత్తాను. తాళం వేసింది వేసినట్టే ఉంది. తీశాను. నాన్న ఒక్కడే ఉన్నాడు. చొక్కా మీద మరక లేదు. తల నున్నగా దువ్వి ఉంది. నా సీటు మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది.

"నాన్నా... ఎవరొచ్చారు?"

"మా రస్సెల్."

"రస్సెల్‌ని నేనే కదా."

నన్ను ఎగాదిగా చూశాడు. "కాదు బాబూ" అన్నాడు, కొత్తవాళ్ళతో మాట్లాడేంత మర్యాదగా. "మావాడు నా చొక్కా తుడిచాడు. తప్పయిపోయింది నాన్నా అన్నాడు. నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు."

భయం వేయాల్సిన చోట ముందు సిగ్గేసింది. ఆ మూడు పనుల్లో ఒక్కటీ నేను చెయ్యలేదు. ఇప్పుడు చేద్దామంటే, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

డెనీస్ వచ్చి వెనక కూర్చుంది. ముగ్గురం బెల్టులు పెట్టుకున్నాం. మంచులో కారు నింపాదిగా కొండ దిగుతోంది. నాన్న మెడ తిప్పి వెనక డెనీస్ పక్కనున్న ఖాళీ సీటు వైపు చూశాడు.

"ఇరుగ్గా ఉందా నాన్నా?" అన్నాడు. అంత ముద్దుగా ఆయన నన్ను పిలిచి ఎన్నాళ్ళయిందో.

డెనీస్ మెల్లిగా కిటికీ వైపు జరిగింది.

వెనక సీటు కనిపించే అద్దంలోకి చూడలేకపోయాను. వెనక కూర్చున్నదేం చేస్తుందోనని కాదు. నా మొహంతో నన్నే చూస్తుందేమోనని...

వెనకాల ఇంకో బెల్టు టక్కుమని పడింది.