పదకొండు దాకా

రెండో వినికిడి అయిపోయింది. నూకరత్నం కుర్చీ చేతుల మీది ఉక్కు పలకల నుంచి అరచేతులు తీసి, చెమట పట్టలేదని కెమెరాకి చూపించింది. నాడి అరవై నాలుగు. చలన రేఖ తిన్నగా ఉంది. తెర మీద 'ప్రమాణం: నిలకడ' అని పడింది. మూడోసారి కూడా ఇలాగే కూర్చుంటే ఈ పూట పని గట్టెక్కుతుంది.

తొమ్మిదేళ్లుగా ఉక్కుపాలెం శ్రవణ కేంద్రంలో ఆమె ప్రమాణ శ్రోత. ఊళ్లో ప్రతి మనిషి చెవిలోనూ ఉండే చెవిపూస నుంచి వచ్చే స్పందనను ఆమె స్పందన పక్కన పెట్టి తూస్తారు. ఆమె కదలని చోట ఇంకొకరు కదిలినా, ఆమె కదిలిన చోట కదలకపోయినా వాళ్ల నంబరు ఎర్రబడుతుంది. ఎర్రబడిన నంబర్లకు మధ్యాహ్నం పన్నెండుకి యంత్రమే చెవిముద్ర వేస్తుంది. ముద్ర పడిన చెవికి రేషన్ గేటు తెరుచుకోదు, క్వార్టరు తలుపు తెరుచుకోదు. అందుకని నూకరత్నం ముందురోజు కారం తినకూడదు, పెళ్లిళ్లకు వెళ్లకూడదు, అయినవాళ్లు పోతే పదమూడు రోజులు పనికి రాకూడదు. ఆమెది నిదానమని అందరూ మెచ్చుకుంటారు. అది నిదానం కాదు, భయమని తొమ్మిదేళ్లలో ఒక్కరికీ తోచలేదు.

ఈ పూట తూకానికి వచ్చినది 'హాజరు' అనే ఆల్బమ్. చేసింది 'గ్యాస్ కట్టర్' అనే మెటల్ బ్యాండ్. మూతపడిన రోలింగ్ మిల్లు నుంచి రోడ్డున పడ్డ నలుగురు కలిసి పెట్టుకున్నారు. వాళ్లలో గొంతు ఒకామెది. ఆమె పాడుతుందనడం మర్యాదకే. రెండో కొలిమి గ్యాస్ ట్యాంకులో పోయిన ఐదుగురి పేర్లను హాజరు పట్టీలోలాగా పిలుస్తుంది, అరుస్తుంది, వాళ్లని బయటికి రాకుండా చేసిన అధికారుల పేర్లు కూడా వరసపెట్టి చదువుతుంది. వెనక గిటార్లు గ్రైండర్ల మాదిరి ఇనుమును కోస్తుంటాయి. ప్రతి పాట చివరా సుత్తి దెబ్బలు మూడు. ఆ తర్వాత పదకొండు సెకన్లు ఏమీ ఉండదు.

ఆల్బమ్ నాలుగు రోజులుగా ఊళ్లో ఆడుతోంది, శ్రోతల మాటలు పక్క తెర మీద వస్తూనే ఉన్నాయి. "ఇది పాటా, పళ్లు నూరడమా?" అని ఒకరు. "మా ఆయన బతికున్నప్పుడు ఇంట్లో ఇదే చప్పుడు. నిద్రలో కూడా ఆయన చెవుల్లో మిల్లు తిరిగేది," అని ఒకామె. "రెండు నిమిషాలు విన్నాను. తల బద్దలైంది. మళ్లీ పెట్టాను," అని ఇంకొకరు. రాజకీయాలు దూర్చి సంగీతాన్ని భ్రష్టు పట్టించారని ఒక మాష్టారు పొడవాటి ఉత్తరం రాశాడు. ఆయన చెవిపూస లెక్క ప్రకారం ఆల్బమ్ తొమ్మిదిసార్లు విన్నాడు.

తూకం అధికారి కామేశం రెండు టీలతో లోపలికి వచ్చాడు. ఆయన ఆమెకు టీ తేవడం ఇదే మొదలు. నూకరత్నం కప్పు అందుకుని, తాగకుండా పక్కన పెట్టింది.

"చిన్న అనుమానం అమ్మా," అన్నాడు కామేశం. "పాటల చివర ఆ ఖాళీ ఉంది చూశారా, అందులో ఆరువందల పన్నెండు మంది దగ్గర ఒకే చప్పుడు దొరికింది. టక్, టక్. గ్లాసు మీదో, మంచం కోడు మీదో కొడుతున్నారు. ఏమై ఉంటుందంటారు?"

"తెలీదండి."

"యంత్రం పనికిరాని రొద అనుకుని తుడిచేసింది. నాకు మనసొప్పక మళ్లీ తీయించాను. మీది ఈ ఊరే కదా."

"మా కోటర్సులో శానా సప్పుళ్లుంటాయండి. ఏ సప్పుడని సెప్పను?"

ఆయన నవ్వాడు. ఎందుకు నవ్వాడో ఆమెకు అంతుపట్టలేదు. జాబితా ఆమె ముందు తెరిచి, "తీరిగ్గా చూడండి," అని అక్కడే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మామూలుగా అయితే బయటికి వెళ్లిపోయేవాడు.

ఆమె జాబితా మీద వేలు జరుపుతూ పోయింది. రెండువందల నలభయ్యో వరసలో వేలు ఆగబోయింది. ఆపలేదు. అది నాన్న నంబరు.

నాన్న అప్పలసూరి మూత మేస్త్రీ. గ్యాస్ ట్యాంకులో పేరుకున్న మడ్డి గోకడానికి మనుషులు దిగి ఎక్కాక, మూత బిగించేది ఆయనే. బిగించే ముందు సుత్తితో మూడు దెబ్బలు కొట్టి పదకొండు లెక్కపెట్టాలి. లోపల ఎవరైనా మిగిలిపోతే రెండు దెబ్బలు తిరిగి కొడతారు. ఆ రెండూ వినబడితే మూత మూయకూడదు, పక్కన నిలబడింది జనరల్ మేనేజరైనా సరే. ఇది ఏ పుస్తకంలోనూ లేదు, మేస్త్రీల మధ్య నోటిమాటగా నడిచిన పద్ధతి. ఐదుగురూ పోయిన తర్వాత విచారణ కాగితంలో 'తగినంత సేపు ఎదురుచూశారు, జవాబు రాలేదు' అని రాశారు. కింద నాన్న వేలిముద్ర ఉంది.

పోయిన ఆదివారం ఆయన స్టీలు గ్లాసు చేతిలో పట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు.

"ఆ పాట ఇన్నావా అమ్మా?"

"డూటీలో ఇంతాను నాన్నా. ఇంటికాడ ఆ ఊసొద్దు."

"ఆల్లు పదకొండూ నెక్కెడతన్నారు. నాను నాలుగే నెక్కెట్టేను. ఇంజినీరు కానీ, కానీ అని ఒకటే తొందర. బిగించీసేను." ఆయన గ్లాసును వేళ్లతో తిప్పాడు. "ఏ ఏడుకో, ఎనిమిదికో కొట్టేరేమో. ఎవులికి తెలుసు?"

ఆమె ఆ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లి కడిగి పెట్టింది. విని కూడా కదలకపోవడమే ఆమె ఉద్యోగం.

ఇప్పుడు అనుమానాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నిషేధించాల్సిన ఆల్బమ్‌ను నాలుగు రోజులు ఎందుకు ఆడనిచ్చారు? ఎవరు కొడతారో చూడ్డానికా? బ్యాండ్ ఫైల్లో ముగ్గురి ఫొటోలే ఉన్నాయి, నాలుగో మనిషి ఎవరు? అసలు ఈ బ్యాండ్ కేంద్రమే వేసిన గాలమేమో! కామేశానికి నిజంగా తెలియదా, తెలిసే అడుగుతున్నాడా?

"మీ నాన్నగారు మిల్లులో ఏం చేసేవారు?" అన్నాడు కామేశం, టీ ఊదుకుంటూ.

"కూలీ అండి."

"ఊఁ." ఆయన గడియారం చూశాడు. "పదకొండున్నర అయింది. మూడో వినికిడి కానిచ్చేద్దాం. మొదటి పాట దాటితే ప్రమాణం బిగిసిపోతుంది. ఆ ఆరువందల పన్నెండు సంగతి పన్నెండుకి యంత్రం చూసుకుంటుంది. కానీ అమ్మా, కానీ."

ఆరోజు ట్యాంకు దగ్గర ఇంజినీరు అన్న మాట అదే. ఊరికే అన్నాడో, కావాలని అన్నాడో తెలియలేదు. అరచేతులు పలకల మీద పెట్టింది. మూడో వినికిడి ఊళ్లో చెవిపూసలన్నిటిలోనూ వస్తుంది; భవనమంతా కూడా వినాలి, సిబ్బంది చెవులకూ తూకం ఉంటుంది కాబట్టి. గిటార్లు కోత మొదలుపెట్టాయి. నడవాలో స్పీకర్లు వణికాయి. గొంతు ఐదు పేర్లూ పిలిచింది.

మూడు దెబ్బలు.

ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఇక్కడే నాన్న ఆగిపోయాడు. నూకరత్నం ఆగలేదు. ఐదు. ఆరు. ఏడు.

ఎనిమిది దగ్గర వేలి కణుపుతో ఉక్కు పలక మీద కొట్టింది. రెండుసార్లు.

పదకొండు అయింది. ఆమె తెర మీద, నడవాల్లోని తెరలన్నిటి మీద 'ప్రమాణం: బిగిసింది' అని పడింది. యంత్రానికి అనుమానాలుండవు. ప్రమాణ శ్రోత కొట్టింది కాబట్టి కొట్టడమే సరి. ఆరువందల పన్నెండు నంబర్లు పచ్చబడ్డాయి. కొట్టని నలభై వేల పైచిలుకు నంబర్లు పైనుంచి కిందికి ఎర్రబడుతూ వచ్చాయి. రాజకీయాలొద్దన్న మాష్టారు ఎర్రబడ్డాడు. కేంద్రం డైరెక్టరు ఎర్రబడ్డాడు. కట్టకడపట కామేశం నంబరు.

ఆయన లేచి నిలబడ్డాడు. టీ చొక్కా మీద ఒలికింది. "చెయ్యి తగిలింది, అంతే కదా? తగిలిందని చెప్పండి. మళ్లీ మొదటి నుంచి పెట్టేద్దాం."

"తగల్లేదండి, కొట్టేను. మా నాన్న కూలీ కాదు. మూత మేస్త్రీ."

"పన్నెండుకి ఊరంతా ముద్ర పడుతుంది, తెలుసా మీకు?"

"పాటలింకా ఆరున్నాయండి. కొట్టినోలు కొట్టినట్టు పచ్చబడతారు."

కామేశం తలుపు వైపు చూశాడు, వినికిడిని ఆపేసే ఎరుపు మీట వైపు చూశాడు, తెర మీద తన నంబరు వైపు చూశాడు. ఆయన చెయ్యి బల్ల మీద ఎటూ తేల్చుకోలేక ఉండిపోయింది. ఆ చెయ్యి మీట నొక్కుతుందని నూకరత్నం అనుకుంది. నమ్మడం ఆమెకు ఇంకా అలవాటు కాలేదు.

రెండో పాట అయిపోవచ్చింది. సుత్తి మూడుసార్లు పడింది. ఆమె లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఐదు దగ్గర నడవాలో ఎవరో ఇనుప బీరువా మీద రెండు దెబ్బలు కొట్టారు. ఆరు దగ్గర పై అంతస్తులో మరెవరో. ముద్రకు భయపడి కొడుతున్నారో, లోపల ఐదుగురున్నారని తెలిసి కొడుతున్నారో ఆమె చెప్పలేకపోయింది. తొమ్మిది దగ్గర ఎదురుగా ఉన్న బల్ల మీద, చాలా మెల్లగా, టక్, టక్.

ఆమె కామేశం మొహంలోకి చూడలేదు. పది లెక్కపెట్టింది. పదకొండు లెక్కపెట్టింది. ఈసారి ఎవరూ కానీ, కానీ అనలేదు.