యాభై మైళ్ళ రూలు

మొదటిసారి చూసినప్పుడే బ్రయొనీ అతన్ని దొంగను చేసింది.

"ఈ ముళ్ళు మీరే చల్లుతారు కదూ? పొద్దున చల్లడం, మధ్యాహ్నం వచ్చి పంచరు వెయ్యడం. బాగుందండీ వ్యాపారం!"

జెత్రో అప్పుడే వ్యాను దిగాడు. చేతిలో జాకీ అలాగే ఉండిపోయింది.

"చల్లేది నేను కాదండీ, రైతులు. అక్టోబరు వచ్చిందంటే ట్రాక్టర్లతో ముళ్ళపొదల కంచెలు కోస్తారు. కోసిందంతా రోడ్డు మీదే."

"వాళ్ళతో మీకు వాటా ఉందేమో!"

"ఉంటే నా వ్యాను ఇలా తుప్పు పట్టి ఉంటుందా?"

బ్రయొనీ ఆ వ్యాన్ని ఎగాదిగా చూసి ఫక్కున నవ్వింది. అంతటితో జెత్రో పని అయిపోయింది.

అది రెండేళ్ళ కిందటి మాట. లిటిల్ ఆస్కెట్ ఊళ్ళో టైరు పాడైతే ఎవరూ కొట్టు వెతుక్కుంటూ పోరు. జెత్రోకి ఫోను చేస్తే వ్యానులో సరంజామా వేసుకుని గేటు ముందుకే వస్తాడు. చక్రం విప్పి బిగించాక ఒక రూలుంది. యాభై మైళ్ళు తిరిగాక నట్లు మరోసారి బిగించి చూసుకోవాలి. ఊళ్ళో అందరికీ ఆ మాట చెప్పి వదిలేసేవాడు. బ్రయొనీ ఇంటికి మాత్రం తనే వచ్చి బిగించి వెళ్ళేవాడు.

"దీనికి ఎంత తీసుకుంటావు?" అని అడిగిందోసారి.

"రూలు ప్రకారం ఉచితం."

"ఎవరి రూలు?"

"నా రూలు."

కిటికీలోంచి బ్రయొనీ పెద్దమ్మ మ్యూరియల్ నవ్వేది. "ఆ అబ్బాయి వచ్చేది నట్ల కోసం కాదే పిచ్చిదానా!" మంచాన పడ్డ ఆవిడకి సేవ చెయ్యడానికే బ్రయొనీ ఆ ఊరు వచ్చింది.

ఆగస్టులో మ్యూరియల్ పోయింది. ఇల్లు అమ్ముడైంది. బ్రయొనీకి న్యూకాజిల్‌లో ఆసుపత్రి ఉద్యోగం వచ్చింది.

"నాలుగు టైర్లూ మార్చెయ్ జెత్రో. శనివారం పొద్దున్నే బయల్దేరాలి" అని ఫోను చేసింది.

ఆమెను తీసుకుపోయే టైర్లు తన చేత్తోనే వెయ్యాలి. ఇంతకంటే దరిద్రం ఏముంటుంది? ఆ వారమంతా జెత్రోకి అన్నం సహించలేదు. చెప్పాల్సిన మాట ఒక్కటే. దాన్ని ప్రతి ఇంటి గేటు దగ్గరా, ప్రతి చక్రం ముందూ మోకాళ్ళ మీద కూర్చుని గొణుక్కున్నాడు. శనివారం నాటికి ఆ మాట నోట్లోనే అరిగిపోయింది.

ఆ పొద్దున సన్నటి జల్లు పడుతోంది. కిటికీలకు తెరలు కూడా లేవు. ఇంట్లో దగ్గితే గోడలు మారుమోగుతున్నాయి.

"కప్పులన్నీ సర్దేశాను. ఏమనుకోకు" అంటూ బ్రయొనీ జాం సీసాలో టీ తెచ్చిచ్చింది. వేళ్ళు కాలుతున్నా జెత్రో సీసా వదల్లేదు.

"ఇంకేమైనా చెప్పాలా?" అంది బ్రయొనీ.

"ముందు చక్రాల్లో గాలి ముప్పై మూడు పెట్టాను."

"అంతేనా?"

"యాభై మైళ్ళయ్యాక నట్లు..."

"తెలుసు. దారిలో ఆగుతాలే. మరి ఈసారి చూసేదెవరు?"

ఆ గొంతులో ఏదో ఉందని జెత్రోకి తెలుస్తూనే ఉంది. అయినా నోరు తెరిచేసరికి వేరే మాట వచ్చింది. "ఏ గ్యారేజీ వాళ్ళైనా చూస్తారు."

బ్రయొనీ సీసా అందుకుని, మిగిలిన టీ గులాబీ మొక్క మొదట్లో పారబోసింది.

"సరే. ఏ గ్యారేజీ వాళ్ళైనా చూస్తారు" అని కారెక్కింది.

కారు మలుపు తిరిగాక జెత్రో వ్యాను వెనక తలుపులో కూలబడ్డాడు. సిగ్గు లేకుండా ఏడ్చాడు. రెండేళ్ళు ఆమె నట్లు బిగించి, చివరికి ఎవరో గ్యారేజీ వాడికి అప్పజెప్పాడు. తనంత చవట ఆ జిల్లా అంతా గాలించినా దొరకడు.

పనిముట్లు సర్దుతుంటే చేతికి తగిలింది, బొటనవేలంత ఇనుప ముక్క. దొంగల భయానికి ప్రతి చక్రానికీ ఒక నట్టు వేరే రకంగా ఉంటుంది. దాన్ని విప్పాలన్నా బిగించాలన్నా ఆ కారుకి సరిపోయే తాళం ఒకటే. బ్రయొనీ కారుది ఇది. పని కాగానే దాన్ని కారు అరలో పెట్టెయ్యాలి. ఈ పని మొదలెట్టిన ఏడేళ్ళలో ఒక్కసారి కూడా మరిచిపోలేదు.

ఇప్పుడు ఆమె దారిలో ఆగిపోతే? పంచరైతే? ఆ చక్రం ఎవరు విప్పుతారు?

ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. తన కోసం ఎదురుచూస్తున్న చర్చి పాస్టరుకి చేశాడు.

"పాస్టరుగారూ, మీ టైరు సాయంత్రం వేస్తాను."

"ఒంటిగంటకి పెళ్ళి జరిపించాలయ్యా!"

"సైకిలు మీద వెళ్ళండి."

పెద్దరోడ్డు ఎక్కాక వాన జోరందుకుంది. యాభై మైళ్ళ పొడవునా ఆశ లేదు. దొరికినా ఏమంటుంది? తాళం తీసుకుంటుంది, థాంక్స్ అంటుంది, పోతుంది.

సరిగ్గా యాభై మైళ్ళ దగ్గర, లారీలు ఆగే చోట, టీ బండి పక్కన ఆమె నీలం కారు కనబడింది. బ్రయొనీ లోపల కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎదుట, తాళం ఉండాల్సిన అర తెరిచి ఉంది.

"ఎంతసేపైంది ఆగి?" అన్నాడు జెత్రో, కిటికీ దగ్గర తడుస్తూ.

"ముప్పావు గంట."

"ఫోను చేశాను."

"చూశాను."

"తియ్యలేదేం?"

"తీస్తే, తాళం పోస్టులో పంపిస్తానంటావని." ఆమె తల తిప్పలేదు. "నిజం చెప్పు. కావాలనే ఉంచుకున్నావా?"

అవునంటే సరిపోయేది. ఆమె ముఖం ఆ మాటకే కాచుకుని ఉంది. కానీ జెత్రోకి అబద్ధం రాదు.

"లేదు. మరిచిపోయాను."

బ్రయొనీ కళ్ళు మూసుకుంది. "అంతేలే."

"చేతులు వణికాయి" అన్నాడు జెత్రో. "ఏడేళ్ళలో ఎప్పుడూ వణకలేదు. నువ్వు వెళ్ళిపోతున్నావని వణికాయి. నువ్వంటే నాకు ప్రాణం బ్రయొనీ. మొదటి రోజు నుంచీ అంతే. పొద్దున చెప్పాల్సింది. గాలి గురించి చెప్పాను."

బ్రయొనీ కిటికీ అద్దం పూర్తిగా దించింది.

"రెండేళ్ళు" అంది బ్రయొనీ. ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "పెద్దమ్మ ఉన్నప్పుడు చెప్పకూడదూ? ఇల్లు ఉన్నప్పుడు చెప్పకూడదూ? సోమవారం నేను డ్యూటీలో చేరాలి జెత్రో. వెనక్కి రావడానికి ఇల్లు కూడా లేదు."

"తెలుసు. వెళ్ళొద్దని అనడానికి రాలేదు."

అతను వానలోనే వంగి నాలుగు చక్రాలూ బిగించాడు. చివరి నట్టు దగ్గర రెంచీ టక్కుమంది. ఇక ఆమె బయల్దేరడమే మిగిలింది. తాళం తుడిచి అందించాడు.

బ్రయొనీ దాన్ని తీసుకుని, తిరిగి అతని అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"నీ దగ్గరే ఉండనీ."

"అక్కడ పంచరైతే?"

"నూటయాభై మైళ్ళు రా. టీ ఈసారి కప్పులో ఇస్తాను. అసలు వచ్చే శనివారమే రావాలి. యాభై మైళ్ళు దాటేస్తాయిగా, నట్లు చూడాలి."

"ఇప్పుడేగా చూశాను. రెండోసారి చూడాలని ఏ రూలూ లేదు."

"ఉంది" అంది బ్రయొనీ, కారు స్టార్టు చేస్తూ. "నా రూలు."

కారు వానలో కలిసిపోయేదాకా జెత్రో అక్కడే నిలబడ్డాడు. ఏడుపు ఆగలేదు. శనివారానికి ఇంకా ఏడు రోజులున్నాయి.