నాన్నమ్మ పుస్తకంలో పోగులు

పిట్టకు అన్నీ ఉన్నాయి, కన్ను ఒక్కటే లేదు.

తెల్ల రుమాలు మీద రెక్కలు కుట్టడం అయింది, తోక అయింది, కాస్త వంకరగానైనా ముక్కు కూడా అయింది. రేపు స్కూల్లో కుట్టు టీచరుకు చూపించాలి. దారాల డబ్బా అంతా బోర్లించినా నల్లదారం మాత్రం కనిపించలేదు. ఎర్రది ఉంది, పసుపుది ఉంది, ఏ రంగో చెప్పలేనిది కూడా ఒకటుంది. ఎర్ర కన్ను పెడితే పిట్ట వారం రోజులు నిద్రపోనట్టు ఉంటుందని మన పిల్ల దాన్ని పక్కన పడేసింది.

మన పిల్ల నాలుగో తరగతి. ఇంట్లో అందరూ బొంగరం అంటారు. ఎందుకో తెలియాలంటే ఆ ఇంట్లో ఐదు నిమిషాలు కూర్చుంటే చాలు. కాలు ఒకచోట నిలవదు, నోరు అసలే నిలవదు. గడియారం ముల్లు వెనక్కి ఎందుకు తిరగదు, చీమలకు ఆదివారం సెలవు ఉంటుందా అని అడుగుతూ ఇల్లంతా తిరుగుతూ ఉంటుంది.

ఆ మధ్యాహ్నం అడుగుదామంటే ఎవరూ లేరు. అమ్మ నర్సు, ఆసుపత్రిలో డ్యూటీకి వెళ్ళింది. నాన్న దూరాలు వెళ్ళే బస్సుకు డ్రైవరు, రేపు గానీ రాడు. నాన్నమ్మ కిటికీ పక్క కుర్చీలో, ఒళ్ళో ఊలు అల్లిక పెట్టుకుని కునుకు తీస్తోంది.

నల్లదారం వెతుక్కుంటూ బొంగరం అలమారా దగ్గరికి వెళ్ళింది. అక్కడ నాన్నమ్మ ప్రార్థన పుస్తకం ఉంది. అట్ట అరిగిపోయింది, మూలలు గుండ్రంగా అయిపోయాయి. పేజీల మధ్యలోంచి రంగురంగుల దారం కొసలు బయటికి తొంగిచూస్తున్నాయి, పుస్తకానికి మీసాలు మొలిచినట్టు. రోజూ కళ్ళ ముందు ఉండేవే. ఇవాళే ఎందుకో వాటి మీద చూపు పడింది. కుట్టగా మిగిలిన ముక్కల్ని నాన్నమ్మ పరధ్యానంలో ఇందులో పెట్టేసి ఉంటుందిలే అనుకుంది.

ఒక్కొక్కటీ లాగింది. ఐదు వచ్చాయి. లావుపాటి నీలం ఊలు పోగు ఒకటి. తెల్ల నూలు పోగు ఒకటి. వేళ్ళలోంచి జారిపోయే ఆకుపచ్చది ఒకటి. నూగునూగుగా ఎర్రది ఒకటి. ఆఖరిది నల్లది, సన్నగా, మెత్తగా, పిట్ట కంటి కోసమే పుట్టినట్టుంది.

ఇక ఆగుతుందా? సూదికి ఎక్కించి, నాలుగు పోట్లు పొడిచి, వెనకవైపు ముడి వేసేసింది. పిట్ట చక్కగా ఆమె వంక చూసింది.

ఇంతలో నాన్నమ్మ కళ్ళు తెరిచింది. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉందంటే నువ్వేదో చేస్తున్నట్టే అంది. బొంగరం మిగిలిన నాలుగు పోగుల్నీ గుప్పిట్లో దాచుకుని, తనకు అలవాటైన పని చేసింది. ప్రశ్న అడిగింది.

"నాన్నమ్మా, నీ పుస్తకంలో ఆ దారాలెందుకు?"

"దారాలు కావే. మనుషులు."

నాన్నమ్మ ఎవరి కోసం ప్రార్థన చేసుకోవాలనుకుంటుందో వాళ్ళ బట్టలోంచి ఒక్క పోగు తీసుకుంటుందట. వాళ్ళకు తగిన ప్రార్థన ఏ పేజీలో ఉందో వెతికి అక్కడ పెట్టుకుంటుందట. సాయంత్రం ఆ పోగు పట్టుకుని పేజీ తెరిస్తే మనిషి పక్కన కూర్చున్నట్టే ఉంటుందట. మరి పేర్లు రాసి పెట్టుకోవచ్చుగా అని బొంగరం అడిగింది. పేరైతే చదవాలి, పోగైతే తడిమితే చాలు అంది నాన్నమ్మ.

బొంగరం గుప్పిట ఇంకా బిగించింది. గుప్పిట్లో నలుగురు మనుషులున్నారు. ఐదో మనిషి పిట్ట కంట్లో ఉన్నారు.

అప్పుడే చెప్పేసి ఉంటే సరిపోయేది. మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ నాన్నమ్మ పొద్దు వాలాక ప్రార్థన చేసుకుందాం అంటూ ఆరిన బట్టలు మడతపెట్టడానికి లోపలికి వెళ్ళిపోయింది. అంటే గంట టైముంది. ఎవరి పోగు ఎవరిదో కనిపెట్టి, ఎక్కడివక్కడ పెట్టేస్తే గొడవే ఉండదు. భయం కొంచెం తగ్గింది. దాని జాగాలో కుతూహలం వచ్చి కూర్చుంది.

ముందు బట్టల అలమారా తెరిచింది. నీలం ఊలు నాన్న స్వెట్టరుదే, అడుగు అంచులో ఒక పోగు తక్కువగా ఉంది. తెల్లది అమ్మ డ్యూటీ కోటు చేతి అంచుది. ఆకుపచ్చది ఎవరిది? తన గౌనుకు కుట్టిన రిబ్బనుది! నాన్నమ్మ తన కోసం కూడా ప్రార్థన చేస్తుందన్నమాట. ఏమని చేస్తుందో తెలుసుకోవాలని కాళ్ళు నేల మీద నిలవలేదు.

నల్లదాని కోసం ఇల్లంతా తిరిగింది. నల్లటిది ఒకటే దొరికింది, తలుపు వెనక వేలాడే పాత గొడుగు. ఇదే అయి ఉంటుంది అనుకుంది. ఎర్రదానికి మాత్రం ఇంట్లో ఎక్కడా జోడీ దొరకలేదు.

ఇప్పుడు పుస్తకం తెరవాలి. నిజం చెప్పాలంటే బొంగరం ఇన్నేళ్ళలో ఆ పుస్తకాన్ని ఒక్కసారి కూడా చదవలేదు. పెద్దవాళ్ళ పుస్తకం అనుకునేది. చూస్తే ప్రతి పేజీకీ ఒక పేరుంది. ప్రయాణంలో ఉన్నవారి కోసం. కొత్త ఇంట్లో చేరేవారి కోసం. నిద్ర పట్టని వారి కోసం. ఇన్ని రకాల మనుషుల్ని ఎవరు కూర్చుని గుర్తుపెట్టుకున్నారా అని ఆశ్చర్యపోయింది.

ప్రయాణాల పేజీలో సన్నటి నీలం మరక కూడా ఉంది. అక్కడ నాన్న పోగు పెట్టింది. రోగుల్ని చూసుకునేవారి పేజీలో అమ్మ పోగు పెట్టింది. తన పోగును చదువుకునే పిల్లల పేజీలో గర్వంగా పెట్టింది. గొడుగు అంచునుంచి కొత్త పోగు లాగి, గొడుగు కాబట్టి వాన కోసం చేసే ప్రార్థన దగ్గర పెట్టింది. ఎర్రదాన్ని ఎక్కడ పెట్టాలో తోచక పంటల పేజీలో దూర్చేసింది. పుస్తకానికి మళ్ళీ మీసాలు వచ్చాయి. తన తెలివికి తనే మురిసిపోయింది.

పొద్దు వాలింది. నాన్నమ్మ చేతులు కడుక్కుని వచ్చి కుర్చీలో కూర్చుంది. ఎప్పుడూ ఈ వేళకు వీధిలో ఆడుకునే బొంగరం ఇవాళ వచ్చి పక్కన చేరింది.

నాన్నమ్మ నీలం పోగు తడిమి, పేజీ తెరిచి, దారి పొడుగునా నాన్నకు తోడుండమని దేవుణ్ణి అడిగింది. పేజీలో ఉన్నదీ అదే. తెల్ల పోగు దగ్గర అమ్మ చేతులకు అలసట రానివ్వొద్దని అడిగింది. అదీ సరిపోయింది. ఆకుపచ్చ పోగు దగ్గర తెరిచి కళ్ళు సగం మూసుకుంది.

"దేవా, గాలిలా తిరిగే ఈ మనసుకు గూడు చూపించు. కాసేపు ఒకచోట కూర్చునే ఓపిక ఇవ్వు."

బొంగరం పేజీలోకి తొంగిచూసింది. అక్కడ గాలీ లేదు, గూడూ లేదు. చదివింది మరిచిపోకుండా చూడమని ఉంది. నాన్నమ్మ చూపు పేజీ మీదే ఉంది, నోట్లోంచి వచ్చేది మాత్రం వేరే పేజీ! బొంగరం నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. నాన్నమ్మ చదవడం లేదు.

అప్పుడు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. నీ చేత్తో ఎక్కిస్తే కుట్టు బాగా వస్తుందంటూ సూది తన చేతికే ఇవ్వడం. నీ చదువు ఎంతవరకు వచ్చిందో చూస్తానంటూ మందు సీసా మీది అక్షరాలు తనచేత చదివించడం. నాన్నమ్మకు కళ్ళు సరిగ్గా కనిపించడం లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

నాన్నమ్మ నల్ల పోగు దగ్గర తెరిచింది. వేళ్ళు ఆగిపోయాయి. బొటనవేలితో ఒకసారి రుద్దింది. మళ్ళీ రుద్దింది.

"ఇదేమిటి, గరుకుగా తగులుతోంది?" అని తనలో తనే అనుకుంది. తర్వాత చెయ్యి ఒళ్ళోకి జారింది. "వేళ్ళు కూడా మొద్దుబారిపోయాయన్నమాట."

ఆ మాట బొంగరంతో అనలేదు, దేవుడితోనూ అనలేదు. తన వేళ్ళను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసుకుంటూ అంది. ముఖం చిన్నబోయింది.

బొంగరం గొడుగు పోగు వంక చూసింది. ఊరుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు. అమ్మకు తెలియదు, నాన్నకు తెలియదు, నాన్నమ్మకైతే ఎప్పటికీ తెలియదు. కానీ తెలియక నాన్నమ్మ తన వేళ్ళను తనే నమ్మడం మానేస్తుంది. ఊలు అల్లేది ఆ వేళ్ళతోనే. ఇంటిల్లిపాదినీ గుర్తుపట్టేదీ ఆ వేళ్ళతోనే.

"నీ వేళ్ళు మంచివే నాన్నమ్మా," అంది. "దారమే దొంగది."

ఇక మొత్తం చెప్పేసింది. పిట్టా, పోగులూ, గొడుగూ, వానా, పంటలూ, ఏదీ దాచలేదు. చెబుతుంటే మధ్యలోనే ఏడుపొచ్చేసింది.

నాన్నమ్మ పుస్తకం మూసి పక్కన పెట్టింది. రుమాలు తెమ్మంది. వేలితో పిట్ట రెక్కలు తడిమింది, ముక్కు తడిమింది, కంటి దగ్గర ఆగింది.

"ఆ, ఇదే. ఇదే," అంది. "అయితే నా వేళ్ళు బాగానే ఉన్నాయన్నమాట!"

అని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. బొంగరానికి ఏం చేయాలో తోచక, ఏడుస్తూనే తనూ నవ్వింది.

నవ్వయ్యాక చీవాట్లూ పడ్డాయి. అడక్కుండా తీయడం ఒక తప్పు, తీసినది ఏమిటో తెలిశాక కప్పిపెట్టడం రెండో తప్పు అని నాన్నమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టింది. నల్ల పోగు తాతయ్య కోటుదట. తాతయ్య చనిపోయిన ఏడాదే, చలికి వణుకుతున్న ఎవరికో ఇంట్లోవాళ్ళు ఆ కోటు ఇచ్చేశారట. మిగిలింది ఈ ఒక్క పోగే. అది వినగానే బొంగరం కత్తెర ముట్టుకోకుండా, సూది మొనతో ముడి విప్పడానికి కూర్చుంది. అరగంట పట్టింది. అరగంటా కదల్లేదు. తను ఒకచోట కూర్చున్నానని ఆమెకే తెలియలేదు.

పోగు తెగకుండా వచ్చింది గానీ మెలికలు తిరిగిపోయింది.

"ఫర్వాలేదులే," అంది నాన్నమ్మ దాన్ని తడుముతూ. "మీ తాతయ్య జుట్టూ ఇలాగే ఉండేది."

తాతయ్య పోగు ముందుగా వెళ్ళిపోయినవారి పేజీకి చేరింది. ఆకుపచ్చది గాలీ గూడూ ఉన్న పేజీకి చేరింది, అక్కడ ఉండటం బొంగరానికి అంతగా నచ్చకపోయినా. ఎర్రదెవరిదని అడిగితే నాన్నమ్మ కాస్త మొహమాటపడింది. అది పై వాటా ఆవిడ తువ్వాలుదట. ఆవిడ పిండకుండా ఆరేసిన బట్టల నీళ్ళు నాన్నమ్మ అల్లిన కొత్త శాలువా మీద కారినప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"ఆవిడతో నువ్వు మాట్లాడవుగా?"

"మాట్లాడను. అందుకే దేవుడితో చెప్పుకుంటున్నా," అంది నాన్నమ్మ. తువ్వాలు గాలికి మన బాల్కనీలో పడినప్పుడు, తిరిగి పంపేముందు ఒక పోగు లాగిందట.

ఇక మిగిలింది ఒక్కటే. బొంగరం అదీ అడిగేసింది. మరి నువ్వు చదవడం లేదు కదా అంది. నాన్నమ్మ తేలు కుట్టిన దొంగలా చూసింది. ఏడాదిగా అక్షరాలు మసకమసకగా అలుక్కుపోతున్నాయని, అసలే డ్యూటీతో అలిసిపోతున్న కోడలికి ఇదొకటి ఎందుకు చెప్పాలని ఊరుకున్నానని మెల్లగా ఒప్పుకుంది.

"కప్పిపెట్టడం రెండో తప్పు," అని గుర్తుచేసింది బొంగరం.

అమ్మ ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతుండగానే నాన్నమ్మ తనే చెప్పింది. అమ్మ ముందు కోప్పడింది, తర్వాత పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. శనివారం కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దామని ఫోన్ చేసి టైము తీసుకుంది. పిట్టకు గొడుగు పోగుతో మళ్ళీ కన్ను కుట్టారు. కాస్త గరుకు కన్నే, కుట్టు టీచరు ఏమీ అనలేదు.

మరునాటి సాయంత్రం నాన్నమ్మ కుర్చీలో కూర్చునేసరికి బొంగరం అప్పటికే ఎదురు పీట మీద ఉంది. పుస్తకం తనే తెచ్చి ఒళ్ళో పెట్టింది. నాన్నమ్మ ఒక్కొక్క పోగూ తడుముతూ వెళ్ళింది. నీలం, తెలుపు, ఆకుపచ్చ, ఎరుపు, మెలికల నల్లది. చివరి పేజీల్లో మరొకటి తగిలింది.

వేళ్ళు ఆగాయి. రుద్ది చూసింది.

"ఇది నేను పెట్టింది కాదే. ఊలు... మెత్తగా ఉంది. ఎవరిది?"

"నీ శాలువాది. ఈసారి అడిగే తీశాను, అమ్మను అడిగాను. అందరికీ పోగులున్నాయి, నీకే లేదు."

స్కూలు నుంచి వచ్చినప్పటినుంచీ బొంగరం ఆ పుస్తకంతోనే కూర్చుంది. మొదటి పేజీ నుంచి చదువుకుంటూ, నాన్నమ్మకు ఏది సరిపోతుందా అని వెతికింది. వీధిలోంచి పిల్లలు రెండుసార్లు పిలిచినా వెళ్ళలేదు.

నాన్నమ్మ పేజీ మీద చెయ్యి పెట్టి నోరు తెరిచింది. ఏమీ రాలేదు.

"ఇది నాకు కంఠతా రాదే. ఎప్పుడూ ఈ పేజీ తెరవలేదు. ఏముంది ఇందులో?"

"సంతోషం కోసం అని ఉంది."

నాన్నమ్మ పుస్తకాన్ని బొంగరం వైపు తిప్పింది. శాలువా సర్దుకుని కుర్చీలో వెనక్కి వాలింది.

"అయితే నువ్వే చదువు. మెల్లగా చదువు, నేను నేర్చుకోవాలి."

బొంగరం వేలు అక్షరాల కింద పెట్టుకుని మెల్లగా చదివింది. అయిపోయాక నాన్నమ్మ మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివింది.